శుక్రవారపు గాలం

పోయిన నెల మా అల్లుడు ఒక పొడవాటి అట్టపెట్టె తెచ్చి హాల్లో బల్ల మీద విప్పాడు. ముక్కలుగా విడదీసుకునే గాలపు కర్ర, దానికి బిగించే రీలు, రంగులు వేసిన ప్లాస్టిక్ చేపలు, వానపాముల్లా మెత్తగా వంగే రబ్బరు ఎరలు, రెండు ఉండల నైలాన్ తీగ అందులోంచి వచ్చాయి. హైదరాబాదు శివార్లలో ఎక్కడో టిక్కెట్టు కొని గాలం వేసుకునే చెరువు ఉందట, పట్టిన చేపతో ఫొటో దిగి మళ్ళీ నీళ్ళలో వదిలేయాలట. "మావయ్య గారూ, దుబాయ్‌లో ఉన్నప్పుడు మీరు తెగ పట్టేవారట కదా. ఈ రెండింటిలో ఏది ఎక్కించమంటారు, సన్నదా, లావుదా?" అని అడిగాడు. రెండూ వేళ్ళ మధ్య రాసి చూసి, లావుది ఎక్కించుకో బాబూ, ఏదైనా సరే వేలికి మాత్రం చుట్టుకోకు అన్నాను. రీలు ఉండగా వేలికి ఎందుకు చుట్టుకుంటానండీ అని నవ్వాడు. అతను అన్నది సబబే. కానీ ఆ రోజు నుంచి మా బావ చేతులు నా కళ్ళ ముందునుంచి పోవడం లేదు.

మా వైపు వాళ్ళకి గల్ఫ్ అంతా దుబాయే. నేను పనిచేసింది ఫుజైరాలో, డెబ్బయ్యవ దశకం చివర్లోనూ ఎనభయ్యవ దశకంలో చాలా భాగమూ. ఒకవైపు ఎండకి మాడిన కొండలు, ఇంకోవైపు సముద్రం, మధ్యలో సన్నటి నేల, అక్కడక్కడ ఖర్జూరపు తోటలు. నా ఈడు వాళ్ళలో ఆ తీరాన్ని ఆ రోజుల్లో చూసినవాళ్ళు ఉంటే వాళ్ళకి నేను వర్ణించనక్కర్లేదు, చూడనివాళ్ళకి ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు. మా కంపెనీ పని కొండని పేల్చి, ఆ రాళ్ళు టిప్పర్లలో తెచ్చి, సముద్రంలోకి ఒక గోడలా పేర్చుకుంటూ పోవడం. దాని చాటున ఓడలు నిలబడతాయి. నేను స్టోరులో గుమాస్తాని. బోల్టులు, గ్రీజు, చేతి తొడుగులు ఇచ్చిపుచ్చుకోవడం నా పని. కాలేజీలో రెండేళ్ళు చదివి మానేసినవాణ్ణి కాబట్టి నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు, క్యాంపులో ఉంటే హిందీ దానంతట అదే వస్తుంది.

నన్ను అక్కడికి పిలిపించింది ఆ బావే, మా అక్క భర్త. నాకంటే ముందు హెల్పరుగా వెళ్ళి, మధ్యాహ్నం భోజనాల వేళ ఒక పఠాన్ ఆపరేటరు పక్కన కూచుని క్రేను నేర్చుకున్నాడు. లారీ అంత రాయిని గాల్లోకి లేపి, ఊగకుండా తీసుకెళ్ళి, కింద రాళ్ళ మధ్య ఆనీ ఆననట్టు దించాలి. మీటని వేళ్ళతోనే తప్ప గుప్పిట్లో పట్టుకోకూడదని ఆ పఠాను చెప్పాడట. పఠాను వెళ్ళిపోయాక మా ముదీర్, అంటే ఆ సైటుకి పెద్ద అధికారి, బావని ఆ సీట్లో కూచోబెట్టాడు. కానీ కాగితాల్లో మాత్రం బావ హెల్పరే. ముదీర్ ఒక్క మాట రాస్తే ఆపరేటరు అవుతాడు, వీసా ఆ పేరు మీద కొత్తగా వస్తుంది. చూద్దాం, చూద్దాం అంటూ ఆయన ఒక ఏడాది గడిపాడు. బావకి ఆ రోజుల్లో నిద్రలోనూ మెలకువలోనూ ఉన్న కోరిక అది ఒక్కటే.

గాలం సంగతికి వస్తాను. మాది ఉప్పుటేటి పక్కన ఊరు. పోటు తిరిగే వేళకి గట్టు మీద కూచుని పండుగప్ప చేపకి గాలం వేయడం బావకి చిన్నప్పటి నుంచీ అలవాటు. అక్కడ వాడేది తుమ్మచెక్క కషాయంలో నానబెట్టి ఎండబెట్టిన నూలు తాడు, ఎరగా బతికిన రొయ్య. తాడుని చూపుడువేలికీ మధ్యవేలికీ రెండు చుట్లు చుట్టి కూచుంటారు. చేప ముట్టుకుంటే కంటికన్నా ముందు వేలికి తెలుస్తుంది. పండుగప్ప ఎర అందుకున్నాక కాస్త తాడు వదలాలి, అది నమ్మి మింగి పరుగెత్తాక అప్పుడు లాగాలి. మా ఊళ్ళో ఎవరూ ఇది ఎవరికీ నేర్పరు, చూసి నేర్చుకుంటారు.

ఫుజైరాలో మేము పోసిన రాళ్ళ సందుల్లోకే హమూర్ చేపలు వచ్చి కాపురం పెట్టాయి. గోధుమరంగు మచ్చలతో, ఒంటికి మించిన నోటితో, మన పండుగప్పకి దూరపు చుట్టంలా ఉంటుంది. శుక్రవారం సెలవు. పొద్దున్నే ఎండ ముదరకముందు మేము గోడ చివరికి నడిచి వెళ్ళేవాళ్ళం. మొదట్లో బావ పండుగప్పకి వదిలినట్టే తాడు వదిలి, వరసగా అన్ని చేపలూ పోగొట్టుకున్నాడు. హమూర్ ఎర అందుకున్న మరుక్షణం వెనక్కి తిరిగి బొరియలోకి దూరిపోతుంది, మొప్పలు విప్పి రాయికి బిగుసుకుంటుంది, ఇక లాగితే తాడు తెగడమే. కొన్ని వారాలు పోయాక ఒకనాడు బావ తాడు ముడి వేసుకుంటూ, "ఇది మన పండుగప్ప కాదెహె బామ్మర్దీ. దీనికి తాడొదిలితే ఇంటికెళ్ళి తలుపేసుకుంటది. గుమ్మంలోనే పట్టేసుకోవాలి" అన్నాడు.

అక్కడి నుంచి ఆయన సరంజామా అంతా మార్చాడు. అక్కడి దుకాణంలో దొరికే లావుపాటి నైలాన్ తీగ కొని ఒక చెక్కముక్కకి చుట్టుకున్నాడు. గాలం పెద్దది, కాడ మందంగా ఉన్నది, ఎందుకంటే ఆ నోటికి చిన్న గాలం ఆనదు. బరువుకి సీసం బదులు వర్క్‌షాపులో పారేసిన స్పార్క్ ప్లగ్గులు. వాటిని తీగకి నేరుగా కట్టకుండా సన్నటి కుట్టుదారంతో వేరుగా వేలాడదీసేవాడు. రాళ్ళలో ఇరుక్కుంటే దారం తెగి ప్లగ్గు పోతుంది, గాలమూ చేపా మిగులుతాయి. ఎరకి కవళ్ళ లాంటి చిన్న చేప, లేకపోతే పీత ముక్క. చేప తగలగానే మొదటి రెండు బారలూ ఊపిరి బిగబట్టి లాగాలి. అప్పటికీ బొరియలో దూరితే మాత్రం గుంజులాడకుండా తీగ పూర్తిగా వదులు చేసి, ఒక సిగరెట్టు కాల్చుకుంటూ కూచోవాలి. ప్రమాదం పోయిందనుకుని అది బయటికి వస్తుంది. బావ చేతిలో చేప కన్నా ఆ వదులు చేసి కూచునే ఓపిక నాకు ఎక్కువ నచ్చేది.

ముదీర్ ఇంటి నుంచి పాత ఇంగ్లీషు పత్రికలు స్టోరుకి వచ్చేవి, సామాను చుట్టడానికి. ఆయనకి చేపల పిచ్చి ఉంది. వాటిలో అమెరికా చెరువుల్లో బాస్ అనే చేపని ఎలా పట్టాలో పేజీలకి పేజీలు ఉండేవి. నీళ్ళు మురికిగా ఉంటే ఏ రంగు ఎర, తేటగా ఉంటే ఏ రంగు, కలుపు ఉన్నచోట కర్ర ఎంత బిరుసుగా ఉండాలి, ఎండవేళ ఎంత లోతున వేయాలి అని. క్యాంపులో చదవడానికి ఇంకేమీ లేక నేను అక్షరం వదలకుండా చదివి బావకి తెలుగులో చెప్పేవాణ్ణి. ఆయన అంతా శ్రద్ధగా విని, చివర్లో చేపని వదిలేస్తారని చెప్పగానే, "ఒదిలేత్తారా? మరి దాని మూతికి చిల్లెందుకెట్టడం, ఊరికే చూసి రావొచ్చు కదా" అన్నాడు. అయినా ఆ బొమ్మలు చూసి మెస్సులో ఒక స్టీలు చెంచా తీసుకుని, కాడ విరిచి, చిల్లు పెట్టి, గాలం తగిలించి నీళ్ళలో లాగాడు. అది తళతళ మెరుస్తూ పోతుంటే చేతిపొడుగు చేప ఒకటి వెంటపడి మింగింది. మా గదిలో ఉండే కరీంనగర్ అన్న, సిమెంటు పని చేసే ఆయన, ఆ సాయంత్రం పళ్ళెం ముందు పెట్టుకుని, "ఏందే బావా, చెంచ దొంగతనం జేసి శాపను తెస్తివా. రేపు నేను చారు దేనితోని పోసుకోవాలె, శాప తోకతోనా?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఆయన అందరినీ పేర్లతో పిలిచేవాడు గానీ బావని మాత్రం నన్ను చూసి బావ అనే పిలిచేవాడు.

ఆ నవ్వులే ముదీర్ చెవిన పడ్డాయో, గోడ మీద మమ్మల్ని చూశాడో, ఒక గురువారం సాయంత్రం క్రేను దగ్గరికి వచ్చి రేపు నాతో పడవలో రా అన్నాడు. ఆయన ఏ దేశం వాడన్నది ఇక్కడ అనవసరం. చెడ్డవాడు మాత్రం కాదు, పేరు పెట్టి పిలిచేవాడు, భుజం మీద చెయ్యి వేసేవాడు. బావ వెళ్ళాడు. ఆ తరవాత ప్రతి శుక్రవారమూ వెళ్ళవలసి వచ్చింది. ఎర కోయడం, చిక్కులు విప్పడం, ఏ రాళ్ళ మీద పడవ ఆపాలో చూపించడం, తిరిగొచ్చాక చేపలు శుభ్రం చేసి ఇవ్వడం. అతిథులు వచ్చిన రోజున నన్ను కూడా రమ్మనేవారు, మాట అటూ ఇటూ అందించడానికి. బావ వారం పొడుగునా క్రేను ఎక్కి, సెలవు రోజున పడవ ఎక్కేవాడు. ఒకసారి ఒంట్లో బాగాలేదని చెప్పమంటావా అని నేనడిగితే, "ఒద్దురా. ఆ ఒక్క కాయితం రాసేదాకా. రాసేశాక మన గోడ మనకే ఉంటది" అన్నాడు.

ఒక వారం ముదీర్ బావకి కానుక తెచ్చాడు. విదేశం నుంచి వచ్చిన సన్నటి తీగ, ఉండ విప్పితే గాలిలో కనపడనంత సన్నం, కానీ చేతులతో తెంపలేం. లావు తీగని చేప చూస్తుంది, దీన్ని చూడదు, ఇక నుంచి ఇదే వాడు అన్నాడు. బావ దాన్ని మళ్ళీ మళ్ళీ వేళ్ళ మధ్య రాసి చూసుకున్నాడు. ఆయనకి నచ్చింది కూడా. ఇంత సన్నదానిలో చేప ముట్టుకున్న కబురు వేలికి ఇంకా తొందరగా అందుతుందని నాతో అన్నాడు. పెద్దాయన ఇచ్చినదాన్ని పక్కన పెట్టి పాతది తీసుకెళ్ళడం ఎలాగూ కుదరదు.

ఆ శుక్రవారం పడవలో ముదీర్, ఆయన ఇద్దరు అతిథులు, బావ, నేను ఉన్నాం. అతిథులకి కర్రలూ రీళ్ళూ ఉన్నాయి. వాళ్ళకి చాలాసేపు ఏమీ తగలకపోతే ముదీర్ కొంచెం చిన్నబోయి, నువ్వు వెయ్యి, ఇక్కడ ఉన్నాయో లేవో చూద్దాం అని బావతో అన్నాడు. బావ ఎర గుచ్చి, తీగ దించి, చిన్నప్పటి నుంచీ చేసినట్టే చూపుడువేలికీ మధ్యవేలికీ రెండు చుట్లు చుట్టుకుని పడవ అంచున కూచున్నాడు. నూలు తాడుకి ఆ చుట్లు ఏమీ చేయవు. గోడ మీద వాడిన లావు తీగకి ఎర్రటి గీతలు పడి సాయంత్రానికి పోయేవి. ఆ సన్న తీగకి ఏం జరుగుతుందో ఆయన చేతికి ఎవరూ నేర్పలేదు, ఆ చేతికి తెలిసింది ఉప్పుటేరు ఒక్కటే.

తగిలింది ఏ చేపో ఎవరూ చూడలేదు. హమూర్ అయితే బొరియలోకి వెళ్ళేది. ఇది తిన్నగా పడవ కిందుగా లోతుకి పోయింది. బావ చెయ్యి నీళ్ళ వైపు పోవడం, చుట్లు బిగిసి తీగ వేళ్ళలోకి దిగడం, ఎడమచేత్తో తీగ పట్టుకోబోయి జారడం, అతిథి ఒకాయన చాకు తీసి తీగ కోయడం, ఇదంతా ఒక దగ్గు దగ్గినంత సేపట్లో అయిపోయింది. తరవాత బావ తన చేతిని ఎవరిదో చూస్తున్నట్టు చూశాడు. ముదీర్ తన చొక్కా విప్పి కట్టు కట్టాడు. పడవని ఆయనే నడిపి ఒడ్డుకి తెచ్చాడు, తన కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

చూపుడువేలు సగానికి తీసేశారు. మధ్యవేలు నిలిచింది గానీ లోపల నరం తెగిపోవడంతో మళ్ళీ వంగలేదు. ముదీర్ ఆపిల్ పళ్ళు పట్టుకుని రెండుసార్లు వచ్చాడు, మంచం పక్కన కూచున్నాడు. మేము అందుకే ధైర్యంగా ఉన్నాం.

కట్టు విప్పాక బావ క్రేను ఎక్కి చూశాడు. గుప్పిట్లో పట్టుకుంటే మీట కదులుతుంది, రాయి మాత్రం ఊగుతుంది. కిందనున్నవాళ్ళు పక్కకి పరుగెత్తారు. దిగి వచ్చి, ఇద్దరం ఆఫీసుకి వెళ్ళాం. పనిలో దెబ్బ తగిలినవాళ్ళకి కంపెనీ తేలిక పని చూపించేది, మా క్యాంపులోనే కాలు విరిగిన ఒకాయన గేటు దగ్గర కూచునేవాడు. బావ అడిగింది అదే. ఆపరేటరు కాగితం మాట కూడా ఎత్తలేదు. ముదీర్ అంతా విన్నాడు, చాలా విచారంగా తల ఊపాడు.

"పనిలో తగిలితే నేనే రాసేవాణ్ణి," అన్నాడు తన హిందీలో. "లేకిన్ జుమ్మా ఛుట్టీ హై. మచ్లీ పకడ్‌నా కామ్ నహీ హై. అది సరదా."

శుక్రవారం సెలవు, చేపలు పట్టడం పని కాదంటున్నాడని నేను బావకి తెలుగులో చెప్పబోయాను. అక్కర్లేదన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు, అది ఆ చెయ్యే. "సాబ్, ఆప్ బులాయా," అన్నాడు. మీరు పిలిచారు. అంతకుమించి ఆయన హిందీ సాగలేదు. మిగిలింది నేను చెప్పాను, మర్యాదగా, వరసగా, ఎర కోయడం నుంచి చేపలు శుభ్రం చేయడం దాకా. ముదీర్ నా వైపు చూసి, మేమందరం స్నేహితుల్లా వెళ్ళాం కదా, నీకు కూడా ఆ రోజులు బాగుండలేదా అని అడిగాడు. అందులో వెటకారం లేదు. ఆయన అబద్ధం ఆడటం లేదు. తను నమ్మిందే చెబుతున్నాడు. ఆయన లెక్కలో ఆ పడవలో మేమందరం ఒకే సరదాకి వెళ్ళినవాళ్ళం.

క్యాంపుకి వచ్చి గదిలో చెబితే కరీంనగర్ అన్న గోడకి ఆనుకుని కూచుని, "పనైతే గ్లౌసులిద్దురు. గ్లౌసులియ్యలె గద, గందుకే పని గాదు," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. బావ మాత్రం, "పోన్లే అన్నా, కాలక్షేపానికెళ్ళి ఏళ్ళు కోసుకున్నోణ్ణి ఇంకెక్కడా సూడవు," అన్నాడు.

వీసా కాన్సిల్ అయింది. కంపెనీ టిక్కెట్టు ఇచ్చింది, ముదీర్ విమానానికి వెళ్ళే రోజున వచ్చి కౌగలించుకున్నాడు. బావ ఎడమచెయ్యి ఇచ్చాడు. ఇంకో ఆపరేటరు వచ్చాడు, గోడ పెరుగుతూ పోయింది. నన్ను తరవాత పడవలోకి ఎవరూ పిలవలేదు. శుక్రవారాలు గదిలో పడుకుని చదువుకునేవాణ్ణి.

నేను ఆ తరవాత కూడా కొన్నేళ్ళు అక్కడే ఉన్నాను. బావ పంపిన వీసా మీద వెళ్ళినవాణ్ణి, ఇద్దరం ఒకేసారి వచ్చేస్తే రెండు ఇళ్ళు గడవవు. రేవు పూర్తయింది, ఓడలు బారులు తీరాయి, మేము నడిచి వెళ్ళిన గోడ మొదట్లో కంచె వేసి కాపలా పెట్టారు. ఇప్పుడు అక్కడ అన్నీ మారాయని, దెబ్బ తగిలితే అడిగేవాళ్ళు ఉన్నారని, కంపెనీలే కుర్రవాళ్ళకి సెలవు రోజున ఆటలు ఏర్పాటు చేస్తున్నాయని వింటాను. బాగుంది. ఆ ఆటలకి రానని చెప్పే వీలు వాళ్ళకి ఉందో లేదో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

బావ పోయిన ఏడు పోయాడు. ఊళ్ళో రొయ్యల చెరువుల కాపలా, తరవాత చిన్న కిరాణా కొట్టు, అలా గడిపాడు. గాలం మళ్ళీ పట్టలేదు. పెద్దకర్మ రోజున పందిరి కింద కూచున్న పెద్దవాళ్ళు ఆయన గురించి మంచిగా మాట్లాడుకుంటూ, దుబాయ్‌లో క్రేను ఆపరేటరుగా చేశాడని, పనిలోనే ఆ వేళ్ళు పోగొట్టుకున్నాడని కొత్తవాళ్ళకి చెబుతున్నారు. బావ ఊరందరికీ అలాగే చెప్పుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది. అక్కకి కూడా అంతే తెలుసు. పక్కన కూచున్న ఒకాయన, అవునాండీ, మీరక్కడే ఉన్నారట కదా అని నన్ను అడిగాడు. అవునండీ, పనిలోనే అన్నాను.